తొక్కుడు పడవ – చేతి మరమ్మతు

ఒక వస్తువును కొనగలగడం వేరు, దానిని నిలుపుకోగలగడం వేరు. మొదటిదానికి డబ్బు చాలు. రెండవదానికి ఆలోచన, ఓర్పు, పనిచేసే చెయ్యి – ఈ మూడూ కావాలి. మన విద్యాలయాలు మొదటి శక్తిని సంపాదించే మార్గాన్ని విద్యార్థులకు చూపుతున్నవి. రెండవదానిని గురించి మాత్రం మౌనం వహిస్తున్నవి. ఈ మౌనం వల్ల మన యువకులకు కలుగుతున్న నష్టం చిన్నది కాదని మా అభిప్రాయం. దానిని వివరించడానికి మన ఊరి వస్తువును గాక దూరదేశపు వస్తువునొకదానిని తీసుకుంటున్నాము. అది కాళ్ళతో తొక్కి నడిపే కయాక్ పడవ.

కయాక్ ఆర్కిటిక్ ప్రాంతంలోని ఇన్యుయిట్ ప్రజల సృష్టి. కొయ్యతోనో ఎముకతోనో చట్రం కట్టి, దానిపై సీల్ చర్మాన్ని బిగించి, ఒక్క మనిషి కూర్చునేటంత సన్నని పడవను వారు తయారు చేసుకున్నారు. చర్మాన్ని నీరు చొరకుండా కుట్టే పని అక్కడి స్త్రీలది. అనగా పడవ కట్టిన కుటుంబమే, అది చిరిగినప్పుడు బాగుచేసుకున్నది. నేడు అమ్ముడుపోతున్న కయాక్‌లలో అధికభాగం పాలిథిలీన్ అనే ప్లాస్టిక్‌తో పోత పోసినవి. 1997లో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన హోబీ సంస్థ మిరాజ్ డ్రైవ్ అనే తొక్కుడు యంత్రాన్ని ప్రవేశపెట్టింది. పడవ అడుగున ఉండే రెండు రెక్కలు పెంగ్విన్ పక్షి రెక్కల వలె నీటిని ఇటూ అటూ తోసి పడవను ముందుకు నడుపుతవి. తరువాత, సైకిలు వలె గుండ్రంగా తొక్కితే ప్రొపెల్లర్ తిరిగే రకాలు కూడా వ్యాప్తిలోకి వచ్చినవి. చేతులు ఖాళీగా ఉంటవి గనుక చేపలు పట్టేవారికి ఈ పడవలంటే మక్కువ. అయితే తొక్కుడు యంత్రం ఒక్కదాని వెలకే మన దేశంలో అనేక సైకిళ్ళు కొనవచ్చును. అందువల్లనే అక్కడి సామాన్యులు దానిని చెడగానే పారవేయక, చౌకగా తామే బాగుచేసుకునే మార్గాలు వెతుక్కున్నారు. ఆ మార్గాలలో మన విద్యార్థి నేర్వదగినది ఎంతో ఉన్నది.

మొదట పడవ ఒడలి సంగతి. రాళ్ళ మీద, ఇసుక మీద ఈడ్చడం వల్ల వెనుక అడుగుభాగం అరుగుతుంది. యంత్రాన్ని దించే బావి అంచులలోను, నీరు కారిపోయే రంధ్రాల చుట్టును బీటలు పుడతవి. బీట కనిపించగానే ఎవరికైనా తోచే ఉపాయం ఎపాక్సీ ముద్ద పూయడం. అది ఆరిన నాడు గట్టిగానే కనిపిస్తుంది. పడవ కొంచెం వంగగానే పొరగా ఊడి వస్తుంది. ఎందువల్ల? పాలిథిలీన్‌పై జిగురు పరచుకోదు. తామరాకు మీది నీటిబొట్టు చందంగా ఉంటుంది. కనుక దానికి జిగురు గాక, దాని జాతి ప్లాస్టిక్‌నే కరిగించి అతకవలె. పాత నీళ్ళ డ్రమ్ము ముక్క గాని, త్రికోణంలో 2 గాని 4 గాని అంకె వేసిన డబ్బా ముక్క గాని తీసుకుని సన్నని పట్టీలుగా కోయాలి. ముందుగా కనిపించని చోట ఒక పట్టీని అతికి, చల్లారిన తరువాత లాగి చూడాలి. ఊడి రాకపోతేనే అది పనికివచ్చే ప్లాస్టిక్. నీటి గొట్టాల పి.వి.సి. దీనితో ఎన్నటికీ కలవదు.

తరువాత బీట రెండు కొనలలోను మూడు, నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు తొలచాలి. కొన వాడిగా ఉన్నంతకాలం బలమంతా అక్కడనే కేంద్రీకరించి బీటను ముందుకు నెడుతుంది. గుండ్రని రంధ్రం ఆ బలాన్ని చుట్టూ పంచివేస్తుంది. అటుపై బీట వెంబడి కాలువ వలె గీకి, మురికి తుడిచి, అంచులను పట్టీని ఏకకాలంలో వేడిచేసి కలపాలి. పాలిథిలీన్ సుమారు 120 నుండి 130 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కొన్ని వందల రూపాయల సోల్డరింగ్ ఐరన్ ఇందుకు చాలు. కాని దాని మొన ఇంతకంటె ఎంతో వేడెక్కుతుంది గనుక ఒక్కచోట నిలపరాదు. ప్లాస్టిక్ మెరుస్తూ మెత్తబడితే పని సవ్యంగా సాగుతున్నదని అర్థం. పొగ వచ్చి గోధుమవన్నెకు మారితే అది మాడి బలం కోల్పోయినదని అర్థం. గాలి ఆడే చోటనే ఈ పని చేయాలని వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక యంత్రం సంగతి. రెక్కల రకంలో, రాయి తగిలినప్పుడు రెక్కకు వెన్నెముక వంటి ఉక్కు కడ్డీ వంగుతుంది. దానిని విప్పి, వైస్‌లో బిగించి, తొందరపడకుండా సరిచేయవచ్చు. తీగత్రాళ్ళు సాగి వదులైతే నట్లు తిప్పి బిగువు సరిచూడవచ్చు. ప్రొపెల్లర్ రకంలో చేపల గాలపు దారం ఇరుసుకు చుట్టుకుని సీలును కోస్తుంది; లోపలికి నీరు చేరుతుంది. లోపలి నూనె పాలవలె తెల్లబడడమే దానికి గుర్తు. వారానికొకసారి ప్రొపెల్లర్ విప్పి దారం తీసివేస్తే పైసా ఖర్చు ఉండదు. తీయకపోతే గేర్ల పెట్టె మొత్తం మార్చవలసి వస్తుంది. ఉప్పునీటి నుండి వచ్చిన ప్రతిసారి మంచినీటితో కడగాలి. అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు బిగించిన చోట ఉప్పునీరు నిలిస్తే అల్యూమినియం తినివేయబడుతుంది. మరలకు గ్రీజు పూసి బిగిస్తే ఆ బాధ తగ్గుతుంది. చుక్కాని త్రాడు తెగితే నైలాను వాడరాదు. అది తడిసినప్పుడు సాగుతుంది. పాలిస్టరు త్రాడు అంతగా సాగదు.

కొన్ని యంత్రాలలో ప్రొపెల్లర్‌ను ఇరుసుకు కలిపే చిన్న మేకు ఒకటి ఉంటుంది. ప్రొపెల్లర్ దేనికైనా కొట్టుకుంటే ముందుగా విరిగేది అదే. అది పదే పదే విరుగుతున్నదని విసిగి, దాని స్థానంలో గట్టి ఉక్కు మేకు దిగగొట్టేవారు కలరు. ఇక ఆ మేకు విరగదు. మరుసటిసారి గేర్లే విరుగుతవి. విరగడమే ఆ మేకు ధర్మం. ఈ ఒక్క విషయంలోనే మంచి మరమ్మతుకు, చెడు మరమ్మతుకు గల భేదమంతా ఇమిడి ఉన్నది. కారణం తెలిసి చేసినది చౌకదైనా మరమ్మతే. కారణం తెలియక చేసినది ఎంత ఖరీదైనదైనా అతుకే.

చౌకతనానికి హద్దు కూడా ఉన్నది. లైఫ్ జాకెట్ నురుగు నలిగిపోతే దానిని కుట్టి వాడరాదు, మార్చివేయాలి. యంత్రపు బావి చుట్టూ పెద్ద బీట పడితే అనుభవజ్ఞునికి చూపాలి. బాగుచేసిన పడవను మొదట ఒడ్డు చేరువన, మొలలోతు నీటిలోనే పరీక్షించాలి. ప్రాణానికి సంబంధించిన చోట పొదుపు పాపం.

ఇంతవరకు చదివిన మిత్రులు ఒక ప్రశ్న వేయవచ్చు: తుంగభద్రలో కయాక్‌లు ఎక్కడివి? విదేశీ విలాసవస్తువుతో మనకేమి పని? ప్రశ్న సమంజసమే. కాని తుంగభద్రలోను, కృష్ణలోను పుట్టి ఉన్నది. వెదురు అల్లి, దానిపై ఎరువుల సంచుల పట్టా కప్పి, తారు పూసి, నీరు కారిన చోట మళ్ళీ తారు పూసి దానిని నిలుపుకునే మన బెస్తవాడు ఇన్యుయిట్ కుటుంబానికి ఏ విధంగాను తీసిపోడు. 1975లో బీహారును వరదలు ముంచెత్తినప్పుడు తూర్పు చంపారణ్ జిల్లాకు చెందిన మొహమ్మద్ సైదుల్లా తన సైకిలుకు గాలి నింపిన తేలుడు పెట్టెలు అమర్చి, వెనుక చక్రపు పుల్లలకు రెక్కలు బిగించి, నేలపైనే గాక నీటిపైన కూడా తొక్కి నడిపే వాహనాన్ని తయారు చేశారు. 2005లో నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ ఆయనను సత్కరించింది. కాలిఫోర్నియా యంత్రానికి రెండు దశాబ్దాలకు పూర్వమే మన దేశంలో ఒక సామాన్యుడు నీటిపై తొక్కి నడిపే వాహనాన్ని తయారు చేశాడన్నమాట! 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగిన సంగతి ఎరిగిన మనకు ఆ వాహనం విలువ వేరొకరు చెప్పనక్కరలేదు.

అసలు బాధ ఇక్కడ ఉన్నది. సైదుల్లా వంటి చేతులు మన విద్యార్థుల ఇళ్ళలోనే ఉన్నవి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక ముస్లిములలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి పాలు అధికమని చూపింది. మన తరగతులలో కూర్చునే పిల్లల తండ్రులలో వెల్డింగు చేసేవారు, పంక్చర్లు వేసేవారు, మోటార్లు చుట్టేవారు ఎందరో కలరు. సెలవులలో ఆ పిల్లలు వారి పక్కన కూర్చుని పని చేస్తారు. కాలేజీ తెరవగానే గోళ్ళలోని గ్రీజు మరక కనపడకుండా చేతులు వెనుకకు దాచుకుంటారు. తండ్రి వృత్తి ఏమని అడిగితే ‘వ్యాపారం’ అంటారు. ఈ సంకోచాన్ని వారికి నేర్పినది ఎవరు? పాఠ్యపుస్తకం నేర్పలేదు. చెయ్యి మురికి కాని ఉద్యోగమే ఉద్యోగమని పదే పదే వినిపించిన మన సభావేదికలే నేర్పినవి. పట్టా పుచ్చుకుని ఉద్యోగం దొరకక, తండ్రి పనిముట్టు పట్టుకోను సిగ్గుపడి, రెంటికీ చెడిన యువకుడు ఆ విద్యకు ఫలితం. మేము తండ్రి పనిలోనే కొడుకు ఉండవలెనని అనడం లేదు. అతడు ఇంజనీరు కావలె, న్యాయవాది కావలె, ఆచార్యుడు కావలె. కాని చేతిలోని విద్యను పారవేసి కాదు, దానిపై నిలబడి కావలె.

లోకం కూడా ఇటే తిరుగుతున్నది. వస్తువును బాగుచేసుకునే హక్కు కొన్నవానిదేనని 2012లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మోటారు వాహనాల విషయంలో చట్టం చేసింది. 2024లో యూరోపియన్ యూనియన్ ఈ విషయమై ఆదేశం వెలువరించింది. మన కేంద్రప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఇందుకై ఒక సంఘాన్ని నియమించింది. హక్కు చట్టం ఇవ్వగలదు. నేర్పును చట్టం ఇవ్వలేదు. దానిని ఇవ్వవలసినది విద్యాలయమే.

కనుక కళాశాల పాలకవర్గానికి మా విన్నపం ఇది. ఒక చిన్న గది చాలు. అందులో ఒక బల్ల, ఒక వైస్, కొన్ని పానాలు, రెండు సోల్డరింగ్ ఐరన్‌లు, ఒక వేడిగాలి పరికరం ఉంచండి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆ గదిని తెరవండి. పట్టణంలోని అనుభవజ్ఞుడైన మిస్త్రీ నొకరిని గురువుగా పిలవండి. ఆయనకు గౌరవవేతనం ఇవ్వండి. వార్షికోత్సవం నాడు వేదికపై అధ్యాపకుల సరసన కుర్చీ వేయండి. ఆ కుర్చీ మా ఉపన్యాసాలన్నిటికంటె ఎక్కువ పాఠం చెబుతుంది.

ఈ పనిలో ఉర్దూ, తెలుగు శాఖలకు కూడా పాత్ర ఉన్నది. ‘మరమ్మతు’ అన్న మాటే ఉర్దూ వాకిట నుండి తెలుగు ఇంట అడుగుపెట్టి మన సొంతమైపోయినది. పానా, పేచ్‌కస్, ఆకురాయి, సుత్తి – మన మెకానిక్కుల నోట రెండు భాషలూ ఒకే బల్ల మీద పనిచేస్తున్నవి. విద్యార్థులు ఆ పదాలను సేకరించి, రెండు లిపులలోను ఒక చిన్న పదకోశంగా కూర్చి, వచ్చే ఏటి సంచికలో ప్రకటించవచ్చు. ఏ నిఘంటువూ చేయని సేవ అది.

విద్యార్థులారా! మీరు ఏ పట్టా పుచ్చుకున్నా సరే, ఏ దేశం వెళ్ళినా సరే, విరిగిన వస్తువు ముందు కూర్చుని ‘ఇది ఎందువల్ల విరిగింది?’ అని అడగగల ధైర్యం విడనాడకండి. మీ ఇంటి పనిముట్ల పెట్టెను దాచకండి. వచ్చే శనివారం దానిని కాలేజీకి తీసుకురండి.