పిట్టగోడ దాటే పిల్లికి పూచీ ఎవరిది?

పట్టణాల్లో ఖాళీ జాగాలు కరిగిపోయాక తోట డాబా మీదికి ఎక్కింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, వరంగల్... ఏ ఊళ్లో చూసినా మిద్దెల మీద ఆకుకూర మడులు, బీర పందిళ్లు, గ్రో బ్యాగుల్లో వంగ, టమాటా మొక్కలు కనిపిస్తున్నాయి. పురుగుమందు తగలని కూర పిల్లలకు పెట్టాలన్న తపనతో ఎంతోమంది తమ డబ్బు, తీరిక సమయం వీటికోసం వెచ్చిస్తున్నారు. అవే వీధుల్లో పిల్లుల్ని పెంచుకునేవాళ్లూ ఉన్నారు, ఎవరివీ కాని పిల్లులూ ఉన్నాయి. సాయంత్రం విత్తనాలు చల్లిన కొత్తిమీర మడిని తెల్లారేసరికి పిల్లి గోకిపోసి, అక్కడే మలవిసర్జన చేసి పోతే ఆ ఇంటివాళ్లకు కలిగే బాధ చిన్నదేమీ కాదు. ‘మీ పిల్లే చేసింది’ అని ఒకరు, ‘మా పిల్లి కాదు, వీధి పిల్లి’ అని మరొకరు వాదులాడుకుంటారు. గొడవ ముదిరి ఇరుగుపొరుగు మధ్య మాటలు ఆగిపోతాయి. ఒక్కోసారి అది పిల్లికి విషం పెట్టేదాకా వెళుతుంది.

ఈ తగవులో తోట వేసుకున్నవారి తప్పు లేదు, తన స్వభావం కొద్దీ తిరిగే పిల్లి తప్పూ లేదు. పిల్లి ఎవరిది, దాని బాగోగులు ఎవరు చూడాలి, అది చేసే నష్టానికి ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలకు మన చట్టంలో గానీ, పురపాలక సంఘాల పనితీరులో గానీ, కాలనీ సంఘాల నియమాల్లో గానీ సమాధానం లేదు. తగవు ముదరడానికి అసలు కారణం ఇదే.

తోటకే ఎందుకు వస్తుంది?

పెంపుడు పిల్లికి మూలం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల పొడి నేలల్లో తిరిగే అడవి పిల్లి. ధాన్యం నిల్వల దగ్గర చేరిన ఎలుకల కోసం అది మనిషి దరికి వచ్చింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ల కిందటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయి. ఇన్ని వేల ఏళ్లు మనతో గడిపినా పిల్లికి కొన్ని పాత అలవాట్లు పోలేదు. పొడిగా, గుల్లగా ఉన్న మట్టిలో గొయ్యి తీసి మలాన్ని కప్పెట్టడం వాటిలో ఒకటి. కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు కలిపి మనం మొక్కల కోసం సిద్ధం చేసే మెత్తటి మిశ్రమం దానికి సరిగ్గా కావలసిన చోటు.

ఇతర ఆకర్షణలూ ఉన్నాయి. చేప, మాంసం వ్యర్థాలు వేసిన కంపోస్టు డబ్బా వాసన, గింజల కోసం వచ్చే ఎలుకలు, నీళ్ల పళ్లెం దగ్గర వాలే పిట్టలు పిల్లిని రప్పిస్తాయి. సంతాన నియంత్రణ చికిత్స జరగని గండుపిల్లి తన హద్దును చాటుకోవడానికి కుండీల మీద, గోడల మీద మూత్రం చిమ్ముతుంది. ఆ ఘాటు వాసన ఇంకో గండుపిల్లిని పిలుస్తుంది. ఇక సంఖ్య సంగతి. ఆడపిల్లి ఆరు నెలల వయసుకే ఎదకు రావచ్చు. గర్భకాలం దాదాపు తొమ్మిది వారాలే. ఏడాదికి రెండు మూడు ఈతలు సాధ్యం. ఒక ఇంట్లో చికిత్స చేయించకుండా వదిలేసిన ఒక్క పిల్లి రెండేళ్లలో వీధి మొత్తానికి సమస్య కావడానికి కారణం ఈ లెక్కే.

భయం ఎంత, నిజం ఎంత?

తోటలో పిల్లి మలం కేవలం అసహ్యానికి సంబంధించిన విషయం కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి పేగుల్లోనే తన జీవనచక్రాన్ని పూర్తి చేసుకుంటుంది. సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాల పాటు పిల్లి దాని బీజాలను మలంతో విసర్జిస్తుంది. గర్భిణికి గర్భకాలంలో మొదటిసారి ఇది సోకితే కడుపులోని బిడ్డకు హాని జరగవచ్చు. అయితే విసర్జించిన వెంటనే ఈ బీజాలకు వ్యాధిని కలిగించే శక్తి ఉండదు. అందుకు ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. తరువాత అవి మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. మలాన్ని ఏ రోజుకారోజు తీసిపారేయడం, మట్టిపని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవడం, కోసిన ఆకుకూరను బాగా కడగడం ఎందుకు ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. సరిగా ఉడకని మాంసం ద్వారానూ ఇదే జబ్బు సోకుతుంది. కాబట్టి ఇంట్లో గర్భిణి ఉందని పెంచుకున్న పిల్లిని వీధిలో వదిలేయనక్కర్లేదు. దాని మలం తీసే పని మరొకరు చేస్తే సరిపోతుంది.

రేబిస్ విషయంలో మాత్రం అలసత్వం పనికిరాదు. రేబిస్ ఉన్న పిల్లి కరిచినా, రక్కినా ఆ జబ్బు మనిషికి రావచ్చు. అపరిచిత పిల్లి గాయపరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకాటుకే టీకా అవసరం అనుకోవడం ప్రమాదకరం.

మూడో నష్టం తోటనే నమ్ముకున్న తేనెపిట్టలకు, పిగిలిపిట్టలకు, ఉడుతలకు జరుగుతుంది. 2013లో వెలువడిన ఒక అధ్యయనం అమెరికాలో పిల్లుల వల్ల ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షులు చనిపోతున్నాయని అంచనా వేసింది. అందులో ఎక్కువ భాగం యజమానులు లేని పిల్లుల వేటే. మన పరిస్థితి వేరు కావచ్చు. కానీ ఆలనాపాలనా లేని పిల్లుల సంఖ్యే కీలకమన్న పాఠం మనకూ వర్తిస్తుంది.

చేయకూడని పనులు

విసిగిపోయినవారు ముందుగా చేసేది కుండీల చుట్టూ కలరా ఉండలు వేయడం, ఫినాయిల్ చల్లడం, కారం జల్లడం. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లికే కాదు, పసిపిల్లలకూ విషమే. ఫినాలు ఉండే ఫినాయిల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పాదాలకు అంటిన మందును అది నాలుకతో శుభ్రం చేసుకుంటుంది, దాంతో విషం లోపలికి పోతుంది. కారం దాని కళ్లను, పాదాలను మండిస్తుంది. మనం తినబోయే ఆకుకూర పక్కన ఈ రసాయనాలు చల్లడమంటే తోట వేసిన ఉద్దేశాన్నే దెబ్బతీసుకోవడం. ఎలుకల మందు పెట్టడం, గోడల మీద గాజు పెంకులు గుచ్చడం క్రూరత్వం కిందికే వస్తాయి.

గోనెసంచిలో కట్టి ఊరి చివర వదిలిరావడం మన దగ్గర పాత అలవాటు. ఆకలికి, దాహానికి గురయ్యేలా జంతువును వదిలేయడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ నేరంగా పేర్కొంది. పైగా దానివల్ల ఫలితమూ ఉండదు. తిండి, మెత్తటి మట్టి అలాగే ఉన్నంతకాలం ఖాళీ అయిన చోటికి ఇంకో పిల్లి వస్తుంది. శివారు కాలనీల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రాత్రిళ్లు మిద్దె మీద కనిపించేది అన్నిసార్లూ పెంపుడు పిల్లి కాకపోవచ్చు. మానుపిల్లి, జంగుపిల్లి వంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి.

చట్టంలో ఖాళీ

జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. 1960 చట్టం కింద మొదటిసారి తప్పుకు జరిమానా మాత్రం ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలే. సాటి ప్రాణుల పట్ల కరుణ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం చెబుతోంది. పిల్లికి ఏం చేయకూడదో ఇలా చట్టం చెప్పింది. పిల్లిని పెంచేవారు ఏం చేయాలో మాత్రం దాదాపుగా చెప్పలేదు. తన అధీనంలోని జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్ర గాయం గానీ కలగకుండా జాగ్రత్తపడనివారికి న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. పాడైన కొత్తిమీర మడి ఆ నిర్వచనంలో ఇమడదు.

ఇతర దేశాలు దీన్ని ఒక్కో విధంగా ఎదుర్కొన్నాయి. ఇంగ్లండ్‌లో 1926 నాటి ‘బకిల్ వర్సెస్ హోమ్స్’ కేసులో ఒకరి పిల్లి పొరుగువారి 13 పావురాలను, రెండు కోళ్లను చంపింది. పిల్లి తన సహజ స్వభావం కొద్దీ చేసిన పనికి యజమాని బాధ్యుడు కాడని న్యాయస్థానం తేల్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పిల్లుల సంచారాన్ని కట్టడి చేసే బిల్లును 1949లో గవర్నర్ అడ్లై స్టీవెన్సన్ తిరస్కరించారు. కాలం మారింది. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లికి మైక్రోచిప్ తప్పనిసరి అయింది. లేకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతంలో 2022 జులై 1 నుంచి పుట్టిన పిల్లులు యజమాని ఆవరణ దాటకూడదు. మెల్‌బోర్న్ పరిసరాల్లోని పలు కౌన్సిళ్లలో పిల్లులకు కర్ఫ్యూ అమల్లో ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ దాన్ని పాటించాల్సిందే. జర్మనీలోని వాల్‌డార్ఫ్ పట్టణంలో నేల మీద గూడు కట్టే ఒక అరుదైన లార్క్ జాతి పిట్టను కాపాడటానికి 2022 వేసవిలో కొన్ని వీధుల పిల్లుల్ని ఇళ్లకే పరిమితం చేశారు.

గాలి కోసం తలుపులు, కిటికీలు తెరిచి ఉంచుకునే మన ఇళ్లకు, వీధి పిల్లులే ఎక్కువగా ఉన్న మన ఊళ్లకు కర్ఫ్యూలు నప్పవు. కానీ ఆ దేశాల నుంచి రెండు విషయాలు తీసుకోవచ్చు. పెంపుడు పిల్లికి గుర్తింపు ఉండాలి, సంతానానికి నియంత్రణ ఉండాలి.

ఎవరి వంతు ఎంత?

మొదటి వంతు తోట యజమానిది. తన మట్టిని కాపాడుకోవడం తన చేతిలో పని, దానికి ఖర్చూ తక్కువే. విత్తనం చల్లిన మడి మీద వలనో, వైరు మెష్‌నో పరిచి, మొలకలు ఎదిగాక పైకి ఎత్తి కట్టాలి. కుండీల్లో మొక్క మొదలు చుట్టూ గులకరాళ్లు, కొబ్బరి చిప్పలు పేర్చినా, నిమ్మ, కాగితంపూల కొమ్మల ముక్కలు దగ్గరదగ్గరగా పరిచినా పిల్లి గోకడానికి చోటుండదు. ఖాళీ కుండీలను మట్టితో అలా వదిలేయకుండా మూత వేయాలి. తడి మట్టిని పిల్లి ఇష్టపడదు కాబట్టి కొత్త మడిని సాయంత్రం తడపడం మంచిది. కంపోస్టు డబ్బాకు గట్టి మూత ఉండాలి, అందులో మాంసం, చేప వ్యర్థాలు వేయకూడదు. మూత్రం చిమ్మిన చోటును అమోనియా ఉన్న ద్రావణాలతో కడిగితే వాసన మరింత రప్పిస్తుంది. ఎంజైములు ఉన్న బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లతో కడగడం మేలు. కదలికను పసిగట్టి పిల్లులకు ఇబ్బంది కలిగించే శబ్దం చేసే పరికరాలు రాకపోకలను కొంత తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు.

రెండో వంతు పిల్లిని పెంచేవారిది, నా దృష్టిలో పెద్ద వంతు కూడా వారిదే. ఆరు నెలల లోపే పశువైద్యుణ్ని కలిసి సంతాన నియంత్రణ చికిత్స చేయించాలి. దానితో పిల్లి తిరుగుడు, మూత్రం చిమ్మడం చాలావరకు తగ్గుతాయి. రేబిస్ టీకా వేయించాలి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాయించాలి. ఇంట్లోనే ఇసుక తొట్టె పెట్టి రోజూ శుభ్రం చేయాలి. రాత్రంతా, కనీసం తెల్లవారుజామున లోపల ఉంచాలి. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టిన పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ అయిదు పది నిమిషాలు యజమాని ఆడించిన పిల్లుల వేట 25 శాతం తగ్గింది. మెడలో గంట కట్టడం వల్ల చెప్పుకోదగ్గ ఫలితం కనిపించలేదు. వీధి పిల్లికి రోజూ పాలు, అన్నం పెట్టే దయగలవారూ ఈ బాధ్యతలో భాగస్వాములే. తిండి పెట్టేవారు చికిత్స చేయించడానికీ పూనుకోవాలి.

మూడో వంతు పురపాలక సంఘాలది. 2001 నాటి జనన నియంత్రణ నిబంధనలు కుక్కలకే పరిమితం. వాటి స్థానంలో 2023లో జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చాయి. అయినా క్షేత్రస్థాయిలో నిధులు, సిబ్బంది, శ్రద్ధ దాదాపుగా కుక్కల చుట్టూనే తిరుగుతున్నాయి. కుక్కకాటు ప్రాణాలు తీస్తున్నప్పుడు వాటికి ప్రాధాన్యం ఇవ్వడం సబబే. కానీ ముంబయి నగరపాలక సంస్థ వీధి పిల్లులకూ సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు చేపట్టింది. తెలుగు రాష్ట్రాల నగరాలు ఆ పని చేయలేకపోవడానికి కారణం లేదు. పెంపుడు కుక్కలకు ఉన్న లైసెన్సు పద్ధతిని నామమాత్రపు రుసుముతో పిల్లులకూ వర్తింపజేయాలి. చికిత్స చేయించినవారికి ఆ రుసుమూ మాఫీ చేయాలి. పశువైద్యశాలల్లో వారానికో రోజు పిల్లుల చికిత్సకు కేటాయించినా చాలామందికి భారం తగ్గుతుంది.

కాలనీ, అపార్ట్‌మెంట్ సంఘాలు ఈ మూడు వంతులనూ కలపగలవు. ఎవరి ఇంట్లో ఎన్ని పిల్లులున్నాయో, వాటిలో దేనికి చికిత్స జరిగిందో ఒక పుస్తకంలో రాసుకోవడం, వీధి పిల్లుల చికిత్సకు నిర్వహణ నిధి నుంచి కొంత ఇవ్వడం, తిండి పెట్టే చోటును తోటలకు దూరంగా నిర్ణయించడం వంటివి ఒక్క సమావేశంలో తేలే విషయాలు. తగవు పోలీసు స్టేషన్‌కు చేరాక ఇవేవీ తేలవు.

పిల్లి వల్ల మడి పాడైన రోజు కోపం రావడం సహజం. ఆ కోపంలో మందు డబ్బా వైపు చెయ్యి పోకూడదు. మొక్కలు పెంచేవారిదీ, పిల్లుల్ని పెంచేవారిదీ ఒకటే గుణం, ప్రాణం ఉన్నదాన్ని సాకాలన్న కోరిక. ఆ గుణం మీద నమ్మకంతో పొరుగువారి తలుపు తట్టండి. పిల్లికి చికిత్స చేయించమని అడగండి, అవసరమైతే ఖర్చులో కొంత పంచుకోండి. మీ వార్డు కార్యాలయానికి పిల్లుల సంతాన నియంత్రణ కోసం అర్జీ పెట్టండి.