సూది వేసి బరిలోకా?

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్ళిన కుర్రాడి చీలమండ బెణికితే, అక్కడికక్కడే సూది వేయించి మళ్ళీ బరిలోకి దించడం పల్లెల్లో మామూలైపోయింది. నొప్పి పోతే బెణుకు పోయినట్టే అనుకోవడం పొరపాటు. కీలును పట్టి ఉంచే బంధనాలు సాగడమో, తెగడమో బెణుకంటే. సూది నొప్పిని మరుగుపరుస్తుందే గాని తెగినదాన్ని అతకదు. బెణికినచోట స్టిరాయిడ్ వేస్తే బంధనం మరింత బలహీనపడవచ్చు. ఆ కాలితోనే ఎగిరి దూకితే సగం తెగినది పూర్తిగా తెగే ప్రమాదం ఉంది. రేపు అతడు కూలికో, నాగలికో వెళ్ళాల్సినవాడని కప్పు మోజులో ఎవరికీ గుర్తుండదు.

నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. తక్కినవాటిలో చాలావాటికి గుడ్డలో చుట్టిన ఐసు, పట్టీ, విశ్రాంతి చాలు. ఒంటికాలిపై గెంతినా నొప్పి లేనప్పుడే మళ్ళీ ఆట. అందుకు వారాలు పట్టవచ్చు. పోటీల నిర్వాహకులు బెణికిన ఆటగాడిని ఆ రోజు మళ్ళీ దించబోమని ముందే ప్రకటించాలి.