చిన్న చేతులకు మాండొలిన్ పెద్దది కాదు

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా పిల్లకు మాండొలిన్ నేర్పిద్దామని ఎవరైనా అంటే ముందుగా వచ్చే జవాబు ఒకటే. "గింత చిన్న వేళ్లతోని ఏం వాయిస్తది? చెయ్యి జర పెద్దగ కానియ్యుండ్రి. అప్పటిదాక కీబోర్డు నేర్పియ్యుండ్రి." షాపులో ఈ మాటే అంటారు, చుట్టాలు ఇదే అంటారు, సంగీతం చెప్పేవాళ్లలో కూడా చాలామంది ఇదే అంటారు. నలభై ఏళ్లు దాటాక నేర్చుకుందామని ఆశపడే ఆడవాళ్లకైతే "మీ చేతికి ఇది పట్టదమ్మా" అని మర్యాదగానే తలుపు వేసేస్తారు. ఈ మాట తప్పు. దీనివల్ల ఎంతోమంది మొదలుపెట్టకుండానే ఆగిపోతున్నారు కాబట్టి ఇది చిన్న తప్పు కూడా కాదు.

టేపు పట్టి కొలిచి చూద్దాం. మామూలు మాండొలిన్‌లో దండి పైకొసన తీగలు ఆనే నట్ నుంచి పలక మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. పెద్దవాళ్లు వాయించే వయొలిన్‌ది 33 దగ్గర ఉంటుంది, గిటారుది 65. మొదట్లో స్వరాలు, గీతాలు వాయించేవాళ్ల వేళ్లు ఎక్కువగా తిరిగేది రెండో మెట్టుకూ ఐదో మెట్టుకూ మధ్య. మాండొలిన్ మీద ఆ దూరం 5 సెంటీమీటర్లు. గిటారు మీద అదే దూరం 9 దాటుతుంది. ఏడో మెట్టు దాకా చిటికెనవేలు చాచాలి కదా అంటారు. ఏడో మెట్టు మీద పలికే స్వరం పక్క తీగను ఊరికే మీటినా పలుకుతుంది. మాండొలిన్ తీగల శ్రుతి అమరికే అలాంటిది. కాబట్టి మొదటి నెలల్లో ఆ చాపు లేకుండానే పాట నడుస్తుంది.

ఇక చిన్న చేతులకు నయమని చెప్పే కీబోర్డు సంగతి. పెద్ద కీలున్న కీబోర్డు మీద షడ్జం నుంచి పై షడ్జం దాకా పదహారున్నర సెంటీమీటర్లు. మాండొలిన్ మీద అదే స్థాయి రెండు తీగల మీద, ఐదు మెట్ల లోపల, 9 సెంటీమీటర్లలో సర్దుకుంటుంది. పిల్ల చెయ్యి చిన్నదని ఇంకా పెద్ద దూరాలున్న వాయిద్యం వైపు పంపుతున్నాం. పైగా కీబోర్డు మీద ఎన్నేళ్లు సాధన చేసినా తీగను నొక్కే గట్టిదనం వేలి కొసకు రాదు. అది తీగ మీదే రావాలి.

"వయొలిన్‌లో పావు సైజు, అర సైజు, ముప్పావు సైజు ఉన్నాయి, మాండొలిన్‌కూ అట్లాంటిది కావాలి" అనేవాళ్లున్నారు. వినడానికి ఇది సబబుగానే ఉంటుంది. వయొలిన్‌కు చిన్న సైజులు ఎందుకొచ్చాయో మాత్రం ఈ మాట పట్టించుకోదు. పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్‌ను గడ్డం కింద పెట్టుకుని చెయ్యి చాచి పట్టుకుంటారు. అక్కడ అడ్డొచ్చేది వేళ్ల కన్నా ముందు చేతి పొడవు. మాండొలిన్ ఒడిలో కూర్చుంటుంది, మోచెయ్యి వంగే ఉంటుంది. ఆ ఇబ్బంది ఇక్కడ లేదు. ఇక "పిల్లల మాండొలిన్" పేరుతో అమ్మే బొమ్మలాంటి వాటిని కొనడం కన్నా ఊరుకోవడమే మేలు. వాటిలో మెట్లు సరైన చోట ఉండవు, శ్రుతి నిలవదు. పిల్ల చెవి అపస్వరానికి అలవాటు పడితే దాన్ని తిరిగి దారిలో పెట్టడం చాలా కష్టం.

ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరిగే వేములవాడకు కూతవేటు దూరంలో ఉండి మనం ఈ మాట నమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. మాండొలిన్‌ను కర్ణాటక సంగీత వేదిక ఎక్కించింది చిన్న చేతులే. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తన తండ్రి మాండొలిన్ అందుకున్నప్పుడు ఆరేళ్ల పిల్లవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మొదటి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కు తొమ్మిదేళ్లు. ఆయన మేధావి, అందరికీ ఎట్లా సాధ్యం అని అడుగుతారు. మేధ వేరు, వేళ్లు వేరు. ఆయన మేధ మన పిల్లలకు లేకపోవచ్చు. ఆయన వేళ్లు మాత్రం ఆరేళ్ల పిల్లవాడి వేళ్లే.

శ్రీనివాస్ కథలో కొనేవాళ్లు ముఖ్యంగా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆయన వాయిద్యాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోలేదు. మామూలు మాండొలిన్‌లో ఎనిమిది తీగలుంటాయి, నాలుగు జతలు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు, తర్వాత ఐదో తీగ చేర్చుకున్నారు. జంట తీగల మీద గమకం లాగడం పెద్దవాళ్లకే కష్టం, ఒంటి తీగ మీద అది హాయిగా పలుకుతుంది. కర్ణాటక సంగీతమే నేర్చుకోవాలనుకునే చిన్న చేతుల పిల్లకు నేను మొదట చెప్పేది ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలినే. వేలి మీద పడే బరువు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. చిన్న యాంప్లిఫయర్ ఖర్చు అదనం, నిజమే. ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉంది.

అసలు శత్రువు వేలి మీద పడే ఆ బరువే. పిల్లలు మాండొలిన్ వదిలేసేది వేళ్లు అందక కాదు, నొప్పి పుట్టి. ఒక్కో తీగ మీద సుమారు తొమ్మిది కిలోల లాగుడు ఉంటుంది, వేలు ఒకేసారి రెండు తీగలను నొక్కాలి. ఆ తీగలు మెట్ల మీద ఎంత ఎత్తున ఉన్నాయన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పన్నెండో మెట్టు దగ్గర తీగ కింది ఖాళీ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంటే పిల్ల వాయిస్తుంది. చవక వాయిద్యాలు పెట్టెలోంచి వచ్చేటప్పుడు ఈ ఎత్తు మూడు మిల్లీమీటర్లు ఉండడం మామూలే. అంతకన్నా ఎక్కువ బాధ పెట్టేది నట్. దాని గాళ్లు లోతుగా కోయకపోతే మొదటి మెట్టు దగ్గర తీగ ఇనుప కడ్డీలా ఉంటుంది, మొదలుపెట్టేవాళ్ల వేళ్లు ఎక్కువగా తిరిగేదీ నట్‌కు దగ్గరి మెట్ల మీదే. చెప్పు కరుస్తుంటే కాలు కోసుకోం కదా. ఇక్కడ మాత్రం కాలినే తప్పు పడుతున్నాం.

దీన్ని షాపులోనే చూసుకోవచ్చు. మూడో మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టి మొదటి మెట్టు మీద ఖాళీ చూడాలి. కాగితం మందంలో ఉంటే బాగున్నట్టు, చిల్లర బిళ్ల దూరేంత ఉంటే నట్‌కు పని ఉన్నట్టు. పన్నెండో మెట్టు మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే నాదమూ, అదే మెట్టు నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒక్కటిగా కలవాలి. కలవకపోతే బ్రిడ్జి జరగాలి. చాలా మాండొలిన్లలో బ్రిడ్జి అతికించి ఉండదు, దాని కింద తిప్పే చిన్న చక్రాలుంటాయి. తీగలు కాస్త వదులు చేసి ఆ చక్రాలు తిప్పితే ఎత్తు దిగుతుంది, పైసా ఖర్చుండదు. తీగల సెట్ మీడియం ఉంటే లైట్‌కు మార్పించండి. సన్నతీగ అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 11 ఉంటే మీడియం, 10 ఉంటే లైట్. నట్ గాళ్లు దింపించడానికి హైదరాబాద్ దాకా పోవాలన్న మాట కూడా నేను ఒప్పుకోను. వెంట్రుకంత వెండి తీగతో ఫిలిగ్రీ అల్లే ఊరు కరీంనగర్. అంత నాజూకైన పని చేసే చేతులు, సన్నని ఆకురాళ్లు ఇక్కడున్నాయి. ఎంత దింపాలో చెప్పే మనిషి పక్కన ఉంటే చాలు.

చిన్న చేతులకు దండి ఎంత సన్నగా ఉంటే అంత మంచిదన్నది ఇంకో సలహా. ఇది సగమే నిజం. "చిన్న చెయ్యి" అన్నప్పుడు వేళ్లు పొట్టివా, కొసలు సన్నవా అని ఎవరూ అడగరు. పిల్లల వేలి కొసలు సన్నగా ఉంటాయి, నట్ దగ్గర 28 మిల్లీమీటర్ల వెడల్పు వాళ్లకు సరిపోతుంది. జీవితమంతా ఇంటిపనో పొలంపనో చేసిన నలభై ఐదేళ్ల అమ్మకు వేళ్లు పొట్టిగా, కొసలు దళసరిగా ఉంటాయి. ఆమెకు ఇరుకు దండి ఇస్తే ఒక జతను నొక్కబోయి పక్క జతనూ తాకుతుంది. ఆమెకు 30 కావాలి. ఇద్దరికీ కావాల్సింది దండి వెనక లావు తక్కువగా ఉండడం, ఎందుకంటే బొటనవేలు ఆనేది అక్కడ.

చేతి సైజు అసలే లెక్కలోకి రాదని నేననను. అమెరికా పల్లెపాటల బాణీలో నాలుగు జతలనూ ఒకేసారి నొక్కే తీగమేళాలున్నాయి. రెండో మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా చెయ్యి చాచాలి, దాదాపు 8 సెంటీమీటర్లు. చిన్న చేతికి అది కష్టమే. భజనకూ, సినిమా పాటకూ, కీర్తనకూ దాని అవసరం లేదు. అట్లాగే మాండొలా, ఆక్టేవ్ మాండొలిన్ పేర్లతో దొరికే పెద్దవి చిన్న చేతులకు నిజంగానే పెద్దవి. తొందరలో వాటికి డబ్బు కట్టకండి.

ఇక "ముందు చవకది కొను, నేర్చుకుంటే మంచిది కొందాం" అనే మాట. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ 200. నాలుగు మాండొలిన్లు పక్కపక్కన పెట్టి చూసే షాపు దగ్గర్లో లేదు కాబట్టి ఫోన్‌లో బొమ్మ చూసి ఆర్డర్ పెడతారు. వచ్చిన పెట్టెలోని ఎత్తైన తీగలు పిల్ల వేళ్లు కోస్తాయి, రెండు నెలలకు అది అటక మీదికి చేరుతుంది, "చెప్పిన కదా, చెయ్యి చిన్నది" అని తీర్పు వస్తుంది. డబ్బు తక్కువుంటే చూపుకు ఖర్చు పెట్టకండి. మెలికలు తిరిగిన ఎఫ్ మోడల్ వద్దు, సాదా ఏ మోడల్ తీసుకోండి, మిగిలిన డబ్బుతో తీగల ఎత్తు, నట్ సరిచేసే సెటప్ చేయించండి. గుండ్రటి కుండ వీపు ఉన్నది పిల్లల ఒడిలో జారుతుంది, చదును వీపుదే మంచిది. పై పలక ఒకే చెక్కతో చేసిందే కొనాలని పట్టు పట్టకండి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రోజులున్న రామగుండంలో, చలికాలం రాత్రి పది లోపుకు దిగే ఆదిలాబాద్‌లో పొరలు అతికించిన పలకే మొదటి వాయిద్యంగా ఎక్కువ కాలం నిలుస్తుంది. అయినా దండి ఎంతో కొంత కదులుతుంది, వానలు పడ్డాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి తీగల ఎత్తు మళ్లీ చూపించుకోండి.

నేర్పే సార్లకూ టీచరమ్మలకూ ఒక మాట. పిల్ల చెయ్యి పట్టుకుని చూసేముందు ఆ పిల్ల తెచ్చిన మాండొలిన్ మొదటి మెట్టు మీద మీ వేలు పెట్టి నొక్కండి. మీకే నొప్పి పుడితే ఆ రోజు పాఠం చెప్పకండి, బ్రిడ్జి దింపండి.