తుర్కీ నేర్చుటకు తెలుగు వ్యాకరణము

మన కుడతిని అంగడిలో తెలుగు ప్రశ్నకు కన్నడమున ప్రత్యుత్తరము వచ్చుట వింత కాదు. ఇట్టి యూరివారికి మరియొక భాష భయము గొలుపరాదు. అయినను విదేశభాషను నేర్వగోరు మన యువకులు ఇంగ్లీషు మూలముననే దానిని చేరవలెనని తలంచుచున్నారు. అది చుట్టుదారి. టర్కీ దేశపు తుర్కీ భాషయే యిందులకు నిదర్శనము.

"బెన్ ఎవె గిదియోరుమ్" అనగా "నేను ఇంటికి పోవుచున్నాను." పదముల వరుస మనదే. "ఎవ్" ఇల్లు, "ఎవ్‌లెర్" ఇండ్లు, "ఎవ్‌లెర్‌దె" ఇండ్లలో. క్రియ చివరి "ఉమ్" కర్తను తెలుపును గనుక "బెన్" విడిచినను అర్థము చెడదు. "కితాప్" అను పుస్తకమునకు మాత్రము బహువచనము "కితాప్‌లార్". ముందున్న అచ్చును బట్టి ప్రత్యయము మారును. మనము "చెట్టుకు" అని, "గుడికి" అనుట లేదా? 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణము ఈ మార్పును సూత్రీకరించినది. "గెల్ది" వచ్చెను, "గెల్మిష్" వచ్చెనట. మన "అట" చేయు పనిని అచ్చట ఒక ప్రత్యయము చేయుచున్నది.

నిత్యవ్యవహారమును చూడుడు. "సెన్" నీవు, "సిజ్" మీరు, గౌరవమునకు బహువచనమే. రోగిని పలుకరించునపుడు "గెచ్‌మిష్ ఓల్‌సున్" అందురు. గడచిపోవుగాక యని భావము. వండి పెట్టిన వారితో "ఎలినిజె సాలిక్", మీ చేతికి ఆరోగ్యము, అందురు. మన "గాక" తెలిసిన వానికి "ఓల్‌సున్" తెలియకుండునా?

భేదములును కలవు. "మా ఇల్లు" అచ్చట "ఎవిమిజ్"; "మా" వెనుక చేరును. అతడు, ఆమె, అది యన్నింటికిని "ఓ" ఒక్కటే. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషలకు తుర్కీ మొదలగు భాషలతో బాంధవ్యమును ఊహించెను. అది నిరూపితము కాలేదు. ఇది చుట్టరికము కాదు, కట్టడిలోని పోలిక. నేర్చువానికి ఆ పోలికయే చాలును.

కాని తన భాష కట్టడి నెరుగనివానికి ఈ పోలిక యెట్లు కనబడును? ఇదియే మన చింత. కన్నడము రాష్ట్రభాష, దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందుకై తెలుగును వదలనక్కరలేదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సదుపాయములు కల్పింప యత్నించుమని రాష్ట్రములకు విధించుచున్నది. ఆ సదుపాయమును అడుగవలసినది మనము. అది దొరకువరకు ప్రతి యింట వారమునకొక గంట తెలుగు వ్యాకరణమునకు కేటాయింపుడు. విభక్తులెరిగిన బిడ్డ యే దేశమునకు పోయినను మూగవాడు కాడు.