కథలో మనిషి ఎక్కడ?

సాహిత్యం జీవితానికి దర్పణమని పెద్దలంటారు. కాని దర్పణంలో కనిపించేది ముఖమే గాని మనస్సు కాదు. కనిపించని ఆ మనస్సును చూపగలగడమే కథకునికి అసలైన పరీక్ష అని మా అభిప్రాయం.

గురజాడవారి 'కన్యాశుల్కం' నాటకమే అయినా, పాత్రపోషణకు కథకులు సైతం దానినే ఆశ్రయించాలి. 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని వారు 1909 నాటికి పెంచి తిరగవ్రాశారు. గిరీశం మోసగాడు, సంస్కరణోపన్యాసాలు అతని స్వార్థానికి సాధనాలు. అయినా అతని మాటకారితనాన్ని చూసి ముచ్చటపడతాము. మధురవాణి వేశ్య, కాని ఊరి పెద్దమనుషులకు లేని ధర్మచింత ఆమెకున్నది. ప్రేమ్‌చంద్ ఉర్దూ కథ 'కఫన్'లో తండ్రీకొడుకులు, మరణించిన ఇల్లాలి శవవస్త్రానికై యాచించి తెచ్చిన సొమ్ముతో త్రాగుతారు. పేదలు గనుక వారు మంచివారని రచయిత అనలేదు. చెడ్డవారని తీర్పూ చెప్పలేదు. వారిని అట్లా మలచిన సమాజాన్ని చూపి ఊరుకున్నాడు.

ఇట్టి ఉదాహరణలుండగా, మన కథలలో ముస్లిం పాత్ర చాలాకాలం మూసలోనే మిగిలిపోయింది. వచ్చీరాని తెలుగుతో నవ్వించే సాయిబు, కాకుంటే మిత్రునికై ప్రాణమిచ్చే త్యాగమూర్తి. మొదటిది హేళన, రెండవది పొగడ్త. రెండింటిలోను మనిషి లేడు. 2004లో స్కైబాబ సంపాదకత్వాన వెలువడిన 'వతన్' వంటి సంకలనాలు ఈ లోటును కొంత తీర్చాయి.

అయితే మనవారిని గురించి మనమే వ్రాసినంత మాత్రాన మూస తొలగిపోదు. మా విద్యార్థి ఒకడు తన తండ్రిని గురించి కథ వ్రాసి తెచ్చాడు. అందులోని తండ్రి ఐదు పూటలా నమాజు చేస్తాడు, కష్టపడతాడు, కుమారునికి హితవు చెబుతాడు. "మీ అబ్బా ఎన్నడైనా అబద్ధమాడారా?" అని అడిగాము. కుర్రవాడు తల వంచుకున్నాడు. తన ఫీజు కోసం ఆయన వడ్డీకి అప్పు తెచ్చి, చిట్టీ పాడిన సొమ్మని అమ్మీతో చెప్పారట. ఆ రాత్రి ఆయన నమాజు ఎప్పటికంటె చాలాసేపు సాగిందట. "నీ కథ అక్కడున్నది నాయనా" అన్నాము. "అది వ్రాస్తే అబ్బాకు అవమానం కాదా సార్?" అన్నాడు.

ఆ ప్రశ్న తేలికైనది కాదు. రచయితకు సత్యము ఎంత ముఖ్యమో, మనవారి మర్యాదా అంత ముఖ్యమే. పేరు మార్చవచ్చు, వృత్తి మార్చవచ్చు; ఆ రాత్రి ఆయన పడిన సంఘర్షణను మాత్రం మార్చరాదు. లోపమును దాచి వ్రాసిన తండ్రికి నమస్కరిస్తాము. లోపముతో కూడ వ్రాసిన తండ్రిని ప్రేమిస్తాము.

విద్యార్థులారా! నగరవాసులలో అనేకులకు మన జవహర్‌నగర్ పేరు చెప్పగానే చెత్తకుప్ప తప్ప మరొకటి స్ఫురించదు. ఒక్క గుర్తుతో ఊరినంతటినీ కొలిస్తే మనకెంత బాధ కలుగుతుందో మనకు తెలుసు. కథలో ఒక మనిషిని ఒక్క గుణముతో కొలిచినా అంతే అన్యాయం. ఈసారి కలం పట్టేముందు, మీకు బాగా తెలుసుననుకున్న మనిషినే మరొక్కసారి చూడండి.