పిల్లల గ్లాసులో పండెంత?

2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలాయికుండాలో ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలకు చేరింది. ఆ రోజుల్లో మామూలుగా ఉండేదానికన్నా పది డిగ్రీలు ఎక్కువ. అంతకు వారం ముందే, ఏప్రిల్ 22 నుంచి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బడులకు వేసవి సెలవులు ఇచ్చేసింది. పిల్లలంతా ఇళ్లకు చేరారు. రైల్వే క్వార్టర్ల వరండాల్లో, బస్తీల్లోని ఇరుకు గదుల్లో మధ్యాహ్నాలు గడవడమే గగనమైంది. అలాంటి వేళ వీధి మొగలో ఐసు బండి గంట మోగితే, చెయ్యి చాపిన పిల్లకు పది రూపాయలు ఇవ్వనని ఏ తల్లి అనగలదు?

ఆ చేతుల్లో చాలా తెలుగు చేతులున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికోసం రైలెక్కి వచ్చినవారి మనవలు, మునిమనవలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాను ఆమోదించిందంటే ఈ ఊరి తెలుగువారి బలమే దానికి కారణం. మథురాకాటి, నింపురా వీధుల్లో పిల్లలు ఐసు బండిని బెంగాలీలో పిలుస్తారు, హిందీలో బేరమాడతారు, డబ్బులు మాత్రం ఇంట్లోకి పరుగెత్తి తెలుగులో అడుగుతారు.

బండిలో ఉండేది అందరికీ తెలిసిందే. సన్నని ప్లాస్టిక్ గొట్టాల్లో గడ్డకట్టిన రంగునీళ్లు, పుల్లకు పట్టిన ఐసుఫ్రూట్లు, గీకిన ఐసు మీద సిరప్పు పోసిచ్చే గోలాలు. నారింజ, మామిడి అని పేర్లు మాత్రం పండ్లవే. పండు వాటిలో ఎంత ఉందో అడిగేవారు లేరు. అడగాలి.

ఎందుకంటే చట్టం కూడా ఆ ప్రశ్న గట్టిగా అడగడం లేదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఐస్ క్యాండీ నిర్వచనం చూస్తే, అందులో పండుగానీ పండ్ల రసంగానీ ఉండవచ్చు అని రాశారు. ఉండి తీరాలని రాయలేదు. చక్కెర మాత్రం 10 శాతానికి తగ్గకూడదు. పెట్టెల్లో, సీసాల్లో అమ్మే పండ్ల పానీయాల సంగతీ అంతంతమాత్రమే. రసం 10 శాతం ఉంటే చాలు, నిమ్మకాయదైతే 5 శాతమే చాలు, దాన్ని పండ్ల పానీయమని అమ్ముకోవచ్చు. అట్ట మీద మామిడిపండు బొమ్మ నిండుగా ఉంటుంది, లోపల పదోవంతు ఉంటుంది. గాఢరసంలో నీళ్లు కలిపి తయారుచేసినవాటి మీద 'నూరు శాతం పండ్లరసం' అన్న మాట తీసేయాలని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024 జూన్‌లో ఆదేశించాల్సి వచ్చింది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు కలుపుకునే చక్కెర రోజుకు ఐదారు టీస్పూన్లు దాటకూడదు. పొద్దున్న పాలలో, టిఫిను తర్వాత బిస్కట్లలో సగం అయిపోతుంది. ఆపైన మధ్యాహ్నం బండి దగ్గర రెండు ఐసులు, సాయంత్రం ఒక సీసా కూల్‌డ్రింకు తోడైతే లెక్క ఎక్కడికో పోతుంది. దీనికితోడు నాలుక చేసే మోసం ఒకటుంది. బాగా చల్లగా ఉన్నప్పుడు తీపి సరిగ్గా తెలియదు. గడ్డకట్టిన ఐసులో చప్పగా అనిపించిన సిరప్పును మామూలు నీళ్లలా తాగి చూస్తే గొంతు పట్టేస్తుంది. అందుకే చల్లనివాటిలో తయారీదార్లు తీపి దండిగా పోస్తారు.

ఇది పేద ఊళ్ల సమస్య మాత్రమే కాదు. బ్రిటన్‌లో చక్కెర పన్ను 2018లో వచ్చాక స్లష్ అనే సగం గడ్డకట్టిన ఐసు పానీయాల్లో పంచదార తగ్గించి, గడ్డకట్టి రాయిలా కాకుండా గ్లిజరాల్ కలపడం పెరిగింది. అది తాగిన చిన్నపిల్లల్లో కొందరు రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి సొమ్మసిల్లారు. బ్రిటన్, ఐర్లండ్ వైద్యులు అలాంటి 21 మంది పిల్లల వివరాలను 2025లో ప్రచురించారు. ఏడేళ్లలోపు పిల్లలకు ఆ పానీయం ఇవ్వవద్దని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ చెప్పింది. పండు లేని చల్లదనాన్ని యంత్రంలో ఎన్ని రకాలుగా తిప్పినా పిల్లలకు ఒరిగేదేమీ లేదనడానికి ఇంతకన్నా దాఖలా అక్కర్లేదు.

పండుతో చేసే చల్లదనానికి ఖరగ్‌పూర్‌లో కొదవ లేదు. ఒకే వరుసలో అటు బెంగాలీ, ఇటు ఒడియా, మధ్యలో తెలుగు వంటిల్లు ఉండే ఊరిది. ఏప్రిల్ నడుమ ఒడియావాళ్లు పణా సంక్రాంతికి మారేడు పానకం చేస్తారు. బెంగాలీలు పచ్చి మామిడిని నిప్పుల మీద కాల్చి 'ఆమ్ పొడా షర్బత్' చేస్తారు. తెలుగిళ్లలో, పండుది కాకపోయినా, శ్రీరామనవమికి బెల్లం, మిరియాలు, యాలకుల పానకం ఉండనే ఉంది. ముంజలు మూడిళ్లలోనూ ఇష్టమే. ఉత్తరాంధ్రలో పుట్టిన సువర్ణరేఖ మామిడి త్వరగా కాపుకొచ్చే రకం. బెంగాల్ హిమసాగర్ వచ్చేదాకా పిల్లల ముచ్చట తీర్చడానికి అదీ పనికొస్తుంది.

కాల్చిన మామిడి సంగతే చూడండి. కొంచెం ముదిరిన పులుపు కాయను గ్యాసు మంట మీద జాలీ పెట్టి తిప్పుతూ ఉండాలి. తొక్క మసిబారి, అక్కడక్కడా చిట్లి, చెమ్మ బుసబుసమంటూ పైకి వస్తుంది. వేలితో నొక్కితే మెత్తగా దిగినప్పుడు దించేయాలి. చల్లారాక తొక్క వలిస్తే లోపల లేత ఆకుపచ్చ గుజ్జు, పొగ వాసనతో. టెంకె తీసేసి గుజ్జులో వేయించిన జీలకర్ర పొడి, నల్లుప్పు, నాలుగు పుదీనా ఆకులు, చిన్న బెల్లం ముక్క వేసి మెదిపి ఐసు ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెడితే మర్నాటికి గోధుమ, ఆకుపచ్చ కలిసిన గడ్డలవుతాయి. పిల్లలు ఆడి వచ్చాక గ్లాసు నీళ్లలో రెండు గడ్డలు వేస్తే చాలు. అవి కరుగుతుంటే నీళ్లకు రంగూ పులుపూ పొగ వాసనా మెల్లగా ఎక్కుతాయి.

పుచ్చకాయకైతే పంచదారే అక్కర్లేదు. గింజలు తీసి ముక్కలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఐదారు గంటలు గడ్డకట్టించాలి. తర్వాత మిక్సీలో కాస్త నిమ్మరసంతో తిప్పితే గులాబీ రంగు స్లష్ తయారు. ముందే రసం తీసి గడ్డకట్టిస్తే రాయిలా అవుతుంది. ముక్కలుగా గడ్డకట్టించి అప్పుడు తిప్పడంలోనే కిటుకు ఉంది. నాలుగు ముక్కలు అరటిపండు కూడా గడ్డకట్టించి కలిపితే గ్లిజరాల్ లేకుండానే నున్నగా వస్తుంది. మారేడు పండుకు మాత్రం ఓపిక కావాలి. గుజ్జును నీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికి, జిగురు పట్టిన గింజలు పోయేలా పెద్దకన్నుల జల్లెడలో వడకట్టాలి. పిల్లలు మొదట మొహం తిప్పుకుంటారు. పుచ్చకాయతో సగం సగం కలిపితే తాగేస్తారు.

ఇవన్నీ చేసేటప్పుడు నాలుగు జాగ్రత్తలు మరవకూడదు. నీరు గడ్డకడితే పరిమాణం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది కాబట్టి గాజుసీసాలు నిండా పోసి ఫ్రీజర్‌లో పెట్టకూడదు, పగులుతాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు ఐసు గడ్డలు, గట్టి పండు ముక్కలు నోట్లో పెట్టకూడదు, గొంతుకు అడ్డంపడతాయి. ఏడాదిలోపు పసివాళ్లకు తేనె పనికిరాదు, పండ్లరసమూ అక్కర్లేదు. పెద్ద పిల్లలకైనా చిన్న గ్లాసే మంచిది. ఒకటి నుంచి మూడేళ్ల పిల్లలకు రసం రోజుకు 120 మిల్లీలీటర్లు మించవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2017లో చెప్పింది. వడకట్టకుండా పీచుతో ఇవ్వగలిగితే ఇంకా మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, వాంతులు విరేచనాలతో వాడిపోయిన పిల్లకు ఇవేవీ మందు కావు. దానికి ఓఆర్ఎస్ ఉంది. ఆ ఓఆర్ఎస్ శక్తిని లోకానికి చూపింది బెంగాల్ గడ్డే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కలరా మరణాలను 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకు దించారు. అదే పేరును అట్ట మీద వేసుకుని తీపినీళ్లు అమ్మడాన్ని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు ప్రశ్నించారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది. ఒక్క డాక్టరు పట్టుబట్టి అడిగితే దేశమంతటా అట్టల మీద రాత మారింది. ఐసు విషయంలోనూ అలా అడిగేవారు కావాలి.

అడగవలసిన రెండో ప్రశ్న నీటిది. 1833లో బోస్టన్ నుంచి 'టస్కనీ' అనే ఓడ 180 టన్నుల చెరువు మంచుతో బయలుదేరి, దారిలో కరగ్గా మిగిలిన సుమారు 100 టన్నులను కలకత్తాలో దించింది. అప్పట్లో అది దొరల బల్లమీది వింత. ఇప్పుడు బస్తీ పిల్లాడికీ ఐసు అందుతోంది. కానీ అది ఏ నీళ్లతో గడ్డకట్టిందో వాడికి తెలియదు. గడ్డకడితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయన్నది వట్టి భ్రమ. చాలావరకు అలాగే ఉండి, ఐసు కరగగానే కడుపులోకి చేరతాయి. టైఫాయిడ్, పచ్చకామెర్లు వచ్చే దారుల్లో అదొకటి. చేపలను నిల్వచేసే ఐసు, తినే ఐసు కలగలవకుండా, తినకూడని ఐసుకు నీలిరంగు కలపాలని 2018లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ చెప్పింది. ఆ నీలిరంగు ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో తిరిగే ప్రతి తల్లికీ తెలియాలి.

అలాగని బండివాళ్లను తరిమేయమని కాదు. ఎండలో బండి తోసుకుంటూ బతికేవాళ్లే వాళ్లు. నీళ్లు వాళ్లవి కావు, ఐసు ఫ్యాక్టరీవి. తనిఖీ అక్కడ జరగాలి. వేసవి మొదలుకాక ముందే ఊళ్లోని ప్రతి ఐసు ఫ్యాక్టరీ నీటిని పురపాలక సంఘం పరీక్షించి, ఫలితాన్ని గేటు మీద అతికించాలి. మంచి నీటితో ఐసు చేసేవారి దగ్గర కొన్నవాళ్ల బండ్లకు ఒక గుర్తు ఇస్తే, ఆ గుర్తే వాళ్ల వ్యాపారానికి బలం అవుతుంది.

అన్ని ఇళ్లలో ఫ్రిజ్ ఉండదు. ఉన్నచోట కరెంటు నిలకడగా ఉండదు. పిల్లలకు మంచి చల్లదనం ఇవ్వడమంతా అమ్మల మీద, మామ్మల మీద వేసేసి ఊరుకోవడం న్యాయం కాదు. సీబీఎస్ఈ 2025 మేలో తన బడుల్లో 'షుగర్ బోర్డులు' పెట్టమంది. ఏ పానీయంలో చక్కెర ఎంతో పిల్లలకు కనిపించేలా రాసి పెట్టడమన్నమాట. దాని పక్కనే 'పండు ఎంత' అని మరో వరుస రాస్తే ఖర్చేమీ కాదు. ఖరగ్‌పూర్‌లోని బడులన్నీ, ఏ బోర్డువైనా, ఆ వరుస రాయాలి.

తెలుగువారికి చలివేంద్రం కొత్త కాదు. బెంగాలీలకు జలసత్రమూ కొత్త కాదు. శ్రీరామనవమి నాడు గుడి ముందు పానకం పంచిన బల్లను ఆ సాయంత్రమే ఎత్తేయకుండా, బడులు మళ్లీ తెరిచేదాకా ఉంచవచ్చు. పేటలోని క్లబ్బులు, గుడి కమిటీలు, రైల్వే ఉద్యోగ సంఘాలు వంతులు వేసుకోవచ్చు. మరగకాచి చల్లార్చిన నీళ్లు, మూతపెట్టిన స్టీలు క్యాను, మంచి నీటితో చేసిన ఐసు, కాల్చిన మామిడి గుజ్జో మారేడు రసమో ఉంటే చాలు. ఒక కిలో పచ్చి మామిడి చాలామంది పిల్లల దాహానికి సరిపోతుంది.

మథురాకాటి క్వార్టర్లలో ఏ మామ్మ ఫ్రీజర్‌లోనో ఇప్పటికే ఆ ట్రే ఉండి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి గ్లాసు చేత్తో పట్టుకున్న మనవడు వంటింటి గుమ్మంలో నిలబడి, "మామ్మా, ఇంకో రెండు ముక్కలెయ్యి, పక్కింటి బాపీకి కూడా కావాలట" అంటాడు. ఆమె ట్రేని కొళాయి కింద ఒక్క క్షణం పట్టి, వంచి, రెండు గ్లాసుల్లోకీ టపటపా రాల్చుతుంది.