చంటిబిడ్డను ఎవరికి అప్పగించి పోవాలి?



ఈ నెల ఒక సహోదరి అడిగిన ప్రశ్న మీదనే వ్రాయుచున్నాను. ఆమెకు తొమ్మిది నెలల బిడ్డ ఉన్నది. భర్త గుంపు మేస్త్రీతో పూనా వైపు పోయినాడు. ఆమె అలంపూరు దగ్గరి పల్లెలో సీడు పత్తి చేలలోనికి కైకిలికి పోవాలి. "అయ్యగారూ, ముసలోళ్లకు పింఛను ఇస్తున్నరు, ఆడపిల్ల పెండ్లికి పైసలు ఇస్తున్నరు, భూమి ఉన్నోళ్లకు ఎకరాకు ఇంత అని ఇస్తున్నరు. నేను కైకిలికి పోతే నా బిడ్డను చూసేటందుకు సర్కారు ఏమీ ఇయ్యదా?" అని అడిగినది.

ఇస్తుంది అనవచ్చును, ఇవ్వదు అని కూడా అనవచ్చును. రెండునూ నిజమే.

మొదట మన నడిగడ్డలో పని ఎట్లుంటుందో చెప్పాలి. కృష్ణా తుంగభద్రల మధ్యనున్న ఈ నేలలో సీడు పత్తి పంట గురించి దూరపు పాఠకులకు తెలియకపోవచ్చును. ఇది మామూలు పత్తి వంటిది కాదు. ముందటి సాయంత్రము ఒక్కొక్క మొగ్గను చేతితో ఒలిచి కేసరములు తీసివేయాలి. మరునాటి పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దాలి. పువ్వు మనకోసము ఆగదు. ఆ రెండు మూడు నెలలు పొద్దునా సాయంత్రమూ చేనిలోనే ఉండాలి. ఈ పని చేసేది ఎక్కువగా స్త్రీలూ ఆడపిల్లలూ. 2000 దశకములో ఈ పంటలో బాలికల పని గురించి దేశమంతటా, విదేశాలలో కూడా మాట్లాడుకొన్నారు. విత్తన కంపెనీలను ప్రశ్నించారు. అయితే చేనిలో మొగ్గ ఒలిచే పిల్లను అందరూ చూచినారు గాని, ఇంటి వద్ద తమ్ముణ్ణి చంకనెత్తుకొని బడి మానిన పిల్లను లెక్కపెట్టినవారు తక్కువ. ఆమెకు కూలి లేదు గనుక ఆమె పని పనిగా కనబడలేదు. 2009లో విద్యా హక్కు చట్టము వచ్చినది, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆరు నుండి పద్నాలుగేండ్ల ప్రతి బిడ్డకు బడి హక్కు అన్నది. కాని ఆ బిడ్డ చంకలోని బిడ్డను ఎక్కడ దింపాలో ఆ చట్టము చెప్పలేదు.

బిడ్డను చేనికే తీసుకొనిపోయేవారు ఉన్నారు. వేపచెట్టు కొమ్మకు చీర తొట్టెల కట్టి పడుకోబెడతారు. పత్తికి కొట్టే మందు ఎంతటి విషమో మనకు తెలుసు. ఆ గాలే ఆ బిడ్డ పీల్చేది.

ఇక సర్కారు ఏమి ఇస్తున్నదో చూద్దాము. అంగన్‌వాడీ మనకందరికీ తెలిసినదే. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. పథకము దేశములో 33 బ్లాకులలో మొదలైనది. నేడు అంగన్‌వాడీ లేని పెద్ద గ్రామము అరుదు. మన తెలంగాణలో 2015 జనవరి 1 నుండి ఆరోగ్యలక్ష్మి క్రింద గర్భిణులకు, బాలింతలకు అక్కడనే ఒక పూట పూర్తి భోజనము, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఇది మేలైన పని, కాదనను. అయితే మూడేండ్లు నిండిన బిడ్డ అక్కడ కూర్చుండి ఆటపాటలు నేర్చుకొంటాడు. మూడేండ్ల లోపు బిడ్డకు ఇంటికి బాలామృతము ప్యాకెట్టు ఇచ్చి పంపుతారు. ప్యాకెట్టు బిడ్డను చూడలేదు గదా! ఆ సహోదరి అడిగినది తిండి కాదు, ఎత్తుకొనే చేయి.

ఆ చేయి కొరకు కూడా పథకములు పుట్టినవి. 2006 జనవరి నుండి రాజీవ్ గాంధీ పేరుతో జాతీయ క్రెష్ పథకము నడిచినది. ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు, పనికి పోయే తల్లుల బిడ్డలను పగలంతా చూచుకొనే గది అది. స్వచ్ఛంద సంస్థలు నడిపితే కేంద్ర ప్రభుత్వము సొమ్ము ఇచ్చేది. 2017లో దానిని రాష్ట్రముల చేతికిచ్చి, ఖర్చులో కేంద్రమునకు 60 వంతులు, రాష్ట్రమునకు 30, సంస్థకు 10 అని పంచారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న తల్లి నెలకు బిడ్డకు 20 రూపాయలు కడితే చాలు అన్నారు. వినుటకు బాగున్నది. కాని ఆ మార్పుల కాలములో దేశములో వేల క్రెష్‌లు మూతబడినవి. 2022లో 'పాల్నా' అను పేరుతో మరల ప్రారంభించి, ఇప్పుడు అంగన్‌వాడీతోనే క్రెష్‌ను కలిపి నడుపుట అనే పద్ధతి తెచ్చారు. దేశమంతటికి 17,000 అంగన్‌వాడీ క్రెష్‌లు లక్ష్యము. మన దేశములో అంగన్‌వాడీలే 13 లక్షలకు పైగా ఉన్నవి. 17,000 ఎంతమందికి చాలునో మీరే లెక్క వేసుకొనండి.

ఉద్యోగము చేసే తల్లుల సంగతి వేరు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి 2008 నుండి బిడ్డల పెంపకము కొరకు మొత్తము 730 దినముల సెలవు ఉన్నది. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించి సెలవు 26 వారములు చేశారు. ఏబది మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలి, తల్లి దినమునకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూచుకోవచ్చును అని వ్రాశారు. మంచిదే. కాని పత్తి చేనికి అటెండెన్సు రిజిస్టరు లేదు. జీతము ఎక్కువ వచ్చే తల్లికి సెలవూ ఉన్నది, గదీ ఉన్నది. దినకూలి తల్లికి రెండునూ లేవు. లేనివానికే ముందు పెట్టాలి అని ప్రతి ఆదివారము చెప్పుకొనే మనకు ఈ తలక్రిందుల లెక్క కనబడకపోతే ఎట్లు?

మన పాలమూరు వలస కూలీల మాట కూడా ఒకటి చెప్పాలి. 1969లో ఢిల్లీలో రాజ్‌ఘాట్ వద్ద గాంధీ శతజయంతి పనులు జరుగుచుండగా, మట్టిలో ఇసుకలో పడియున్న కూలీల పసిబిడ్డలను చూచి మీరా మహాదేవన్ అను స్త్రీ అక్కడనే ఒక గుడారములో బిడ్డల కేంద్రము పెట్టినది. అదే 'మొబైల్ క్రెషెస్' సంస్థ అయినది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టము ఏబది మందికి మించి స్త్రీలు పనిచేసే చోట బిడ్డలకు గది ఉండాలన్నది. మన జనులు కట్టని ఆనకట్ట లేదు, వేయని రోడ్డు లేదు. వారిలో ఎంతమంది తల్లులు ఆ గదిని కన్నులారా చూచినారో వారినే అడగండి.

ఒక చట్టము మాత్రము నాకు మిక్కిలి నచ్చినది. 2005 ఉపాధి హామీ చట్టము. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము మొదలైనది. పని చేసే చోట ఆరేండ్ల లోపు బిడ్డలు అయిదుగురు లేక ఎక్కువమంది ఉంటే, ఆ కూలీలలోనే ఒక స్త్రీని బిడ్డలను చూచుటకు పెట్టాలి, ఆమెకు కూడా మట్టి త్రవ్వినవారితో సమానముగా కూలి ఇవ్వాలి అని అందులో ఉన్నది. అంటే బిడ్డను చూచుట ఊరకుండుట కాదు, అదియు పనియే అని చట్టమే ఒప్పుకొన్నది. అయితే చాలా పనిచోట్ల నీడకు టెంటే లేదు, ఆయా మరీ అరుదు. ఈ చట్టము స్థానములో 2025 డిసెంబరులో పార్లమెంటు మరియొక చట్టము చేసినది. పేరు ఏదైనను, ఈ మాట మనము గ్రామసభలో విడువక అడుగుచుండాలి.

సాధ్యమా అని సందేహపడనక్కరలేదు. సరిహద్దు దాటితే రాయచూరు జిల్లా, కర్ణాటక. ఆ ప్రభుత్వము 2023-24 బడ్జెట్టులో 4,000 గ్రామ పంచాయతీలలో 'కూసిన మనె', అంటే పసిబిడ్డ ఇల్లు, పెట్టుదుమని ప్రకటించినది. ఉపాధి కూలీలైన స్త్రీలకు శిక్షణ ఇచ్చి వారికే ఆ పని అప్పగించుట ఆ పథకము పద్ధతి. రాయచూరు పల్లె మనకంటె ధనిక పల్లె కాదు.

మన సంఘ కుటుంబముల బిడ్డలు కొందరు లండన్ వైపు కూడా ఉన్నారు. అక్కడ 2017 నుండి పనిచేసే తల్లిదండ్రులు బిడ్డ సంరక్షణ ఖాతాలో 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వము 2 కలుపుతుంది, బిడ్డకు ఏడాదికి 2,000 పౌండ్ల వరకు. కెనడాలో 2021 నుండి రోజుకు సగటున 10 డాలర్లకే బిడ్డను చూచే ఏర్పాటు వైపు నడుస్తున్నారు. ఇవి విని "మనకు కూడా నగదే ఖాతాలో వేస్తే పోలేదా?" అని ఒక యౌవనస్థుడు అన్నాడు. నాకు అది సరిగా తోచదు. క్రెష్ ఉన్న పట్టణములో సొమ్ము ఉపయోగపడుతుంది. క్రెష్ లేని పల్లెలో ఆ సొమ్ము మేస్త్రీ అడ్వాన్సులోనికో, కిరాణా బాకీలోనికో పోతుంది, బిడ్డ చెట్టు క్రిందనే ఉంటాడు. మనకు ముందు కావలసినది ఒక గది, ఒక మనిషి, ఒక పూట తిండి.

ఇక మనలోని పెద్దల మాట. "బిడ్డను కన్నతల్లే పెంచాలి, సర్కారుకు అప్పగించుట ఏమి?" అంటారు. మాట వినసొంపుగా ఉన్నది. అదే పెద్దమనిషి చేనిలో పువ్వు అద్దుటకు ఆ తల్లి ఒక్క దినము రాకపోతే ఊరుకొంటాడా? నిర్గమకాండములో మోషే సంగతి తలంచండి. ఏటి ఒడ్డున తమ్ముణ్ణి కావలి కాచినది ఒక చిన్న అక్క. ఆ బిడ్డకు పాలిచ్చి పెంచుటకు జీతము ఇచ్చెదనని మాట ఇచ్చినది ఫరో కుమార్తె. రాజగృహపు సొమ్ము తీసుకొని తన బిడ్డనే పెంచిన యోకెబెదును మనము ఏనాడూ తప్పు పట్టలేదు.

మనము చేయగలిగినది ఒకటున్నది. మన దేవాలయపు గది ఆదివారము తప్ప ఆరు దినములు తాళము వేసియుంటుంది. నీళ్లు, మరుగుదొడ్డి, ఫ్యాను ఉన్నవి. ఊరిలో అంగన్‌వాడీ క్రెష్ మంజూరైతే గది లేదు అనే సాకు ముందు వస్తుంది. ఆ సాకును మనము తీసివేయవచ్చును. అయితే ఒక షరతు. ఊరిలోని అన్ని కులముల, అన్ని మతముల బిడ్డలు రావాలి. పసిబిడ్డలను అడ్డము పెట్టుకొని సంఘమును పెంచుకొందుమని ఎవరైనా తలంచితే, ఆ తలంపు గడప బయటనే విడువండి. తల్లి నమ్మకముతో దింపిపోయిన బిడ్డను మనము నమ్మకముగానే తిరిగి ఇవ్వాలి.

స్త్రీల సమాజము వారు ఈ నెలలోనే ఇంటింటికి తిరిగి ఆరు నెలల నుండి ఆరేండ్ల వరకు ఉన్న బిడ్డల పేర్లు, వయస్సు, తల్లి చేసే పని ఒక నోటుబుక్కులో వ్రాయండి. బిడ్డను చూచుటకు బడి మానిన అక్కల పేర్లు వేరే పేజీలో వ్రాయండి. ఆ పేజీయే అన్నిటికంటె గట్టిగా మాట్లాడుతుంది. గ్రామసభలో తీర్మానము చేయించి, ప్రతులు అంగన్‌వాడీ టీచరుకు, సూపర్‌వైజరుకు, సి.డి.పి.ఓ. గారికి ఇవ్వండి. 2016 అక్టోబరులో గద్వాల జిల్లా ఏర్పడినది గనుక మహబూబ్‌నగర్ దాకా పోనక్కరలేదు. సోమవారము గద్వాల కలెక్టరు కార్యాలయములో ప్రజావాణికి పోయి ఇవ్వవచ్చును. రసీదు లేకుండా ఎక్కడా కాగితము ఇవ్వవద్దు.

దరఖాస్తులో గంటలు తప్పక వ్రాయండి. పాల్నా క్రెష్ దినమునకు ఏడున్నర గంటలు, నెలకు 26 దినములు అని నియమము. ఆ ఏడున్నర గంటలు ఆఫీసు టైముకు మొదలైతే సీడు పత్తి తల్లికి ప్రయోజనము లేదు. ఆమె తెల్లవారగానే చేనికి పోతుంది. ఏ గంటకు తలుపు తెరవాలో ఆ తల్లులనే కూర్చోబెట్టి అడిగి, వారు చెప్పిన గంటనే కాగితము మీద పెట్టండి.